గుమ్మంలో అడిగిన మాట

రెండేళ్ళ కిందట, సార్వా పంటకి వరినాట్లు వేసే ఊడ్పుల రోజుల్లో, మా ఇంటి గుమ్మంలో నిలబడి ఒకాయన నన్నొక మాట అడిగాడు. ఆ మాటకి ఆయన చెయ్యి విరిగింది. ఆ మాట ఆయన అడగకపోయి ఉంటే మా అమ్మ గురించి నాకు ఇప్పటికీ ఏమీ తెలిసేది కాదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పాలంటే సిగ్గుగానే ఉంటుంది. కానీ జరిగింది అలాగే.

మాది పలివెల దగ్గర కాలువ గట్టున ఉన్న ఊరు. నాన్న పేరు ధర్మరాజు. మూడున్నర ఎకరాలు కౌలుకి చేస్తాడు. ఆ వేసవిలో మా అమ్మ పాపాయమ్మ కువైట్ నించి నాలుగు నెలల సెలవు మీద వచ్చింది. నాకు పదకొండేళ్ళప్పుడు ఆవిడ అక్కడ ఇంటిపనికి వెళ్ళింది. మధ్యలో రెండుసార్లు వచ్చి నెలేసి రోజులు ఉండి వెళ్ళిపోయింది. నన్ను పెంచింది నాయనమ్మ. ఆవిడ పోయాక ఇంట్లో ఆడదిక్కు లేదని నాన్న పిలిస్తే ఈసారి అమ్మ కాస్త ఎక్కువ రోజులు సెలవు పెట్టుకుని వచ్చింది. సెప్టెంబరులో మళ్ళీ వెళ్ళాలి.

వచ్చింది గానీ ఇంట్లో చుట్టంలా ఉండేది. తెల్లవారకుండా లేచి ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది. నాన్న పిలిస్తే పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి తల వంచుకు నిలబడేది. ఒకరోజు ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసి, "తియ్యమంటావా?" అని నన్ను అడిగింది. తన డబ్బుతో కొన్న ఫ్రిజ్ అది. నేను "ఊఁ" అన్నాను. ఆవిడ ఏమడిగినా ఆ రోజుల్లో నేను ఇచ్చే జవాబు అంతే ఉండేది.

నాకు ఆవిడ మీద ఒక కోపం ఉంది. ఆవిడ వెళ్ళిన మొదటి ఏడు, వారానికోసారి చేసే ఫోను ఉన్నట్టుండి ఆపేసింది. ఆరు నెలలు ఒక్క ఫోను లేదు. ఆ ఆరు నెలల్లోనే నేను పెద్దమనిషినయ్యాను. పెద్దమ్మ పక్కూరి నించి ఎవరిదో పట్టులంగా తెచ్చి కట్టింది. నన్ను చాప మీద కూర్చోబెట్టి హారతి ఇస్తుంటే నాయనమ్మ ఒక మూల కూర్చుని ఆ నంబరుకి కొడుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. తరవాత నాన్న అడిగితే ఫోను పాడైందని చెప్పిందట. ఆరు నెలలు ఏ ఫోను పాడైపోతుంది? నేను ఆ మాట నమ్మలేదు. పదేళ్ళు నమ్మలేదు.

ఆషాఢం చివర్లో ఊడ్పులు మొదలయ్యాయి. మా వైపు ఇప్పుడు ఊడ్పులకి మనుషులు దొరకరు. రైలెక్కి బెంగాల్ నించి వస్తారు. ఆ ఏడు మా నాన్నా, పక్కవాళ్ళూ కలిసి మాట్లాడుకున్న జట్టులో పన్నెండుమంది ఉన్నారు. వాళ్ళ మేస్త్రీ పేరు సుబల్. ఇంటి వెనక కొబ్బరితోటలో, కాయలు దాచే షెడ్డు వాళ్ళకి ఇచ్చాం. వాన పడుతున్నా సరే, వంచిన నడుము ఎత్తకుండా ఒక వరసలో వెనక్కి జరుగుతూ ఆకు, అంటే వరినారు, నాటేవాళ్ళు. పని చూసి ఊరంతా మెచ్చుకుంది. మాట మాత్రం ఎవరికీ తెలీదు. సుబల్‌కి నాలుగు తెలుగు ముక్కలు వచ్చు, అవి ఆకు, నీళ్ళు, అన్నం, రేపు. వాటితోనే అంతా నడిచేది.

మా చేను సగం ఊడ్చిన రోజున పొద్దున్నే ఈదురుగాలికి కొబ్బరిచెట్టొకటి కరెంటు తీగల మీద పడింది. కరెంటు పోయింది. జట్టువాళ్ళు రోజూ బోరు మోటారు దగ్గర స్నానాలు చేసేవారు. ఆ రోజు మోటారు లేదు. కాలువలో చూస్తే గోదావరి వరద, ఎర్రగా సుడులు తిరుగుతోంది. అమ్మ కళ్ళ పరీక్షకి కొత్తపేట వెళ్ళింది. నాన్న గట్టు తెగిందని చేలోనే ఉండిపోయాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

మధ్యాహ్నం రెండు దాటాక గుమ్మంలో ఎవరో దగ్గారు. జట్టులో ఒకాయన, ముప్పై అయిదేళ్ళుంటాయి. పేరు నిమాయ్ అని తరవాత తెలిసింది. మోకాళ్ళ పైదాకా బురద. నడుముకి ఒక తువ్వాలు తప్ప ఏమీ లేదు. నవ్వుతూ నన్ను చూసి, "దీదీ, పుకుర్ కొథాయ్?" అన్నాడు.

తప్పు విన్నానేమో అనుకుని అలాగే నిలబడ్డాను. ఆయన నాకు అర్థం కాలేదనుకుని ఆ మాటే ఇంకోసారి, గట్టిగా, విడదీసి అన్నాడు. అంటూ రెండు చేతులతో ఛాతీ మీదా, పొట్ట మీదా, తొడల మీదా రుద్దుకుని చూపించాడు. నవ్వు అలాగే ఉంది.

తెలుగు తెలిసిన ఎవరికైనా నాకేం వినిపించిందో వేరే చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో మగవాళ్ళు కొట్టుకునేటప్పుడు తప్ప బయటికి రాని మాట అది. నేను తలుపు మొహాన వేసేసి, పెరటి దారిన పెద్దమ్మగారింటికి పరిగెత్తాను. పెద్దమ్మ కొడుకు నాగబాబు అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరు స్నేహితులు కూడా ఉన్నారు. ఏమయిందన్నారు. బెంగాలీవాడు గుమ్మంలోకి వచ్చి బూతుమాట అడిగాడన్నాను. చేతులతో సైగలు కూడా చేశాడన్నాను. ఏం మాటని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నీ కాదు.

అన్నయ్య దొడ్లో పడి ఉన్న కొబ్బరిమట్ట ఒకటి తీసుకుని వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. తోటలోంచి అరుపులు మాత్రం వినిపించాయి. ఆ అరుపుల్లో తెలుగులో ఉన్నవి తిట్లు. రెండో భాషలో ఉన్నవి ఏమిటో నాకు తెలీదు.

నాలుగు గంటలకి అమ్మ ఆటో దిగేసరికి మా వాకిట్లో పదిమంది దాకా పోగయ్యారు. ఊరి పెద్దమనిషి గణపతిగారు కుర్చీలో కూర్చున్నారు. నాన్న బురద కాళ్ళతోనే వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. నాగబాబు అన్నయ్య చేతిలో మట్ట ఇంకా అలాగే ఉంది. చూరు కింద నిమాయ్ కూర్చుని ఉన్నాడు. కనుబొమ చిట్లి రక్తం కారుతుంటే తువ్వాలుతో అదుముకున్నాడు. కుడి మణికట్టు బాగా వాచిపోయింది. వెనక జట్టు మొత్తం తలలు వంచుకుని నిలబడ్డారు. సుబల్ చేతులు జోడించి హిందీలో ఏదో చెబుతున్నాడు, వినేవాళ్ళు లేరు. పోలీసులకి అప్పగించాలని కొందరు, పొద్దుగూకే లోపల జట్టునంతా ఊరు దాటించాలని కొందరు. నాన్న ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. కూతురి పరువొక పక్క, సగం ఊడ్చిన చేనొక పక్క. ఆకుమడిలో ఆకు ముదిరిపోతోంది, జట్టు వెళ్ళిపోతే ఆ ఏడు పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

అమ్మ ఎవరినీ ఏమీ అడక్కుండా లోపలికి, నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"ఏమన్నాడు?" అంది.

అందరికీ చెప్పాను కదా, బూతుమాట అన్నాను.

"ఏం మాటని అడుగుతున్నాను. అతనన్నది అన్నట్టు చెప్పు."

చెప్పలేనన్నాను. ఆవిడ మంచం అంచున కూర్చుంది. తొందరపెట్టలేదు. కాసేపయ్యాక, "ఇక్కడ నువ్వూ నేనే ఉన్నాం. గోడకేసి చూసి చెప్పు," అంది.

గోడకేసి తిరిగి చెప్పాను. ముందూ వెనకా ఇంకేమైనా అన్నాడా అని అడిగింది. ముందర దీదీ అన్నాడు, వెనకాల కొథాయో ఏదో అన్నాడు అని చెప్పాను. ఆ మాట చివర ర అక్షరం ఏమైనా పలికిందా అని అడిగింది. కళ్ళు మూసుకుని తలుచుకున్నాను. పలికింది. రెండోసారి విడదీసి అన్నప్పుడు స్పష్టంగా పలికింది.

అమ్మ అరచేత్తో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను. చెయ్యి తీశాక చూస్తే కళ్ళు పొడిగానే ఉన్నాయి. లేచి తలుపు తీసుకుని నేరుగా వాకిట్లోకి, నిమాయ్ దగ్గరకి వెళ్ళింది. ఆయన ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని అడిగింది.

"దాదా, కీ ఖుజ్‌ఛిలేన్?"

ఏం వెతుకుతున్నావన్నా అని అడిగిందని తరవాత తెలిసింది. నేను తలుపు వెనక నించి చూస్తున్నాను. ఆయన తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. తన భాష ఆ వాకిట్లో వినిపిస్తుందని ఆయన అనుకోలేదు. తరవాత గబగబా ఏదో చెప్పాడు, తోట వైపూ, మోటారు వైపూ, తన బురద కాళ్ళ వైపూ చూపిస్తూ. మధ్యలో ఆ మాట మళ్ళీ వచ్చింది.

అన్నయ్య మట్ట ఎత్తాడు. "చూసేరా, మళ్ళీ అంటున్నాడు."

అమ్మ లేచి ఇద్దరికీ మధ్యన నిలబడింది.

"చెరువు, నాగబాబూ," అంది. "పుకుర్ అంటే వాళ్ళ భాషలో చెరువు. పుకుర్ ఎక్కడుందీ అని అడిగేడు. మోటారు లేదు కదా, స్నానానికి చెరువెక్కడా అని అడిగేడు."

ఆడమనిషి నోట, పదిమంది మగవాళ్ళ ముందు, ఆ మాట రెండుసార్లు వచ్చింది. పెద్దమ్మగారి అరుగు మీద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గణపతిగారు నేల చూపు చూస్తూ, "అలాంటి మాట నలుగురిలో ఎందుకమ్మా," అన్నారు మెల్లిగా.

"నలుగురిలో అనలేకే కదండీ ఇంత దాకా వచ్చింది," అంది అమ్మ. "అనడానికి సిగ్గు, అడగడానికి సిగ్గు. కొట్టడానికి మాత్రం ఎవరికీ లేకపోయింది."

ఆవిడ అంత మాట అనగలదని మాకెవరికీ తెలీదు. నాన్న తెల్లబోయి చూస్తున్నాడు.

అన్నయ్య మాత్రం ఒప్పుకోలేదు. వాడు తప్పించుకోవడానికి చెబుతున్నాడేమో, నీకెలా తెలుసు పిన్నీ అన్నాడు. అప్పుడు అమ్మ కువైట్ సంగతి చెప్పింది. నా వైపు చూడకుండా, గణపతిగారితో చెప్పింది.

"నేను వెళ్ళిన మొదటి ఏడండి. అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతున్నాను. ఎందుకెళ్ళిపోయేవమ్మా అని అది ఏడుస్తోంది. నీ కోసమే కదమ్మా, నీ కోసమే, నీ కోసమే అని నాలుగైదుసార్లు అన్నానండి. ఆ ఇంట్లో వంటాయన ఈజిప్టు మనిషి. వెనకాల నించుని విన్నాడు. కోసం అన్న మన మాట వాళ్ళకి తల్లినెత్తి తిట్టే తిట్టులా వినపడుతుందండి. అంతకి మించిన తిట్టు లేదంట. నేనాయన్నే చూసి తిడుతున్నాననుకున్నాడు. వెళ్ళి మేడంతో చెప్పేడు. ఆవిడొచ్చి రెండు చెంపలూ వాయించి ఫోను లాక్కుంది. ఆర్నెల్లు ఇవ్వలేదండి. ఏమన్నావే అని నన్నూ ఎవరూ అడగలేదు."

చూరు మీద నించి నీటిచుక్కలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను తలుపు వెనక గడియ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ ఫోనులో ఇవతలి పక్కన ఉన్నది నేనే. ఎందుకెళ్ళిపోయావని ఏడ్చినది నేనే. మధ్యలో ఫోను ఆగిపోతే, విసుగొచ్చి పెట్టేసింది అనుకున్నాను.

తనకి దెబ్బలెందుకు పడ్డాయో చాలా రోజుల దాకా తెలియలేదని చెప్పింది అమ్మ. పక్కింట్లో రొకేయా అని బంగ్లాదేశ్ నించి వచ్చిన ఆవిడ పనిచేసేదట. డాబా మీద బట్టలారేసేటప్పుడు పిట్టగోడ దగ్గర కలిసేవాళ్ళు. పదేళ్ళుగా ఉంది కాబట్టి ఆవిడకి అరబ్బీ బాగా వచ్చు. అమ్మ అన్న మాట అమ్మ చేత మళ్ళీ అనిపించుకుని, విని, నోరు మూసుకుని, అటూ ఇటూ చూసి అప్పుడు విడమరిచి చెప్పిందట. ఆ రోజు నించి ఇద్దరూ స్నేహితులయ్యారు, ఆవిడ మాటలు వింటూ వింటూ అమ్మకి బెంగాలీ వచ్చింది. రొకేయా తన ఊరి గురించి చెప్పినప్పుడల్లా ఇంటి వెనకాల పుకుర్, పుకుర్‌లో బాతులు, పుకుర్ గట్టున పిల్లలు అనేదట. మొదటిసారి విన్నప్పుడు అమ్మ చెవులు మూసుకుని కిందకి దిగిపోయిందట. రెండోరోజు వెళ్ళి ఏమిటి ఆ మాట అని అడిగిందట.

"అడిగేను కాబట్టి తెలిసిందండి," అంది అమ్మ. "అంతే."

గణపతిగారు కుర్చీలోంచి లేచి, సరేలెండి, తెలియక జరిగిపోయింది అన్నారు.

"తెలియక కాదండి, అడక్క," అంది అమ్మ.

జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నాగబాబు అన్నయ్య మట్ట తోటలోకి విసిరేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళాడు. ఇంక రాడనుకున్నాం. కాసేపటికి మోటారు సైకిల్ తెచ్చి వాకిట్లో ఆపి, నిమాయ్ మొహం చూడకుండా, ఎక్కమన్నట్టు చెయ్యి చూపించాడు. ఆయన భయపడి అమ్మ వైపు చూశాడు. అమ్మ వాళ్ళ భాషలో ఏదో చెప్పాక ఎక్కాడు. సుబల్ వెనకాల కూర్చుని ఆయన్ని పట్టుకున్నాడు. కొత్తపేటలో ఎముకల డాక్టరు మణికట్టు చిట్లిందని కట్టు వేసి, ఆరు వారాలు కదపకూడదన్నాడు.

మర్నాడు పొద్దున జట్టు చేలోకి దిగింది. దిగుతారని నాన్న అనుకోలేదు. సుబల్ వచ్చి, "ఆకు. రేపు..." అని చెయ్యి అడ్డంగా ఊపాడు. అంతే. మా ఆకు ముదిరిపోతుందని దిగారు. గట్టున నిలబడి నాన్న కండువాతో మొహం తుడుచుకోవడం నేను చూశాను.

ఆ రోజు పెరట్లో అమ్మ బచ్చలికూర కోస్తుంటే పక్కన వెళ్ళి కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక, అప్పుడే ఎందుకు చెప్పలేదు అన్నాను.

అమ్మ ఆకులు తుంచుతూనే ఉంది. "ఏమని చెప్పనే? నీతో మాట్లాడినందుకు కొట్టేరని చెప్తే నువ్వు మళ్ళీ ఫోనెత్తేదానివా?"

పన్నెండేళ్ళ పిల్లనైతే ఎత్తి ఉండేదాన్ని కాదు. ఆ సంగతి ఆవిడకి అక్కడ, ఆ వంటింట్లో, చెంపలు మండుతుండగానే తెలిసిపోయింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే వెలిగింది. తరవాత పదేళ్ళూ ఆవిడ ఫోన్లో ఎప్పుడూ నీ కోసం అనలేదు. నీకని గౌను కొన్నాను, నీకని దాచాను అనేది. నీకని, నాన్నకని, నాయనమ్మకని. ఆ మాటతీరు నాకు పరాయిగా, ముక్తసరిగా అనిపించేది. దూరంగా ఉండి ఉండి మాట కూడా మారిపోయిందనుకునేదాన్ని. అక్కడ వెనకాల ఎవరు వింటున్నారో చూసుకుని, మన భాషలో అంత మెత్తని మాటని ఆవిడ పళ్ళ వెనకే ఆపుకుందని నాకెలా తెలుస్తుంది? నేను మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడిచాను. అమ్మ బచ్చలాకుల పసరంటిన చెయ్యి నా వీపు మీద వేసింది. చాలాసేపు అలా ఉంచింది.

నాటు పనికి రాడు కాబట్టి నిమాయ్ పగలంతా మా అరుగు మీదే ఉండేవాడు. ఎడంచేత్తో తినలేకపోతున్నాడని అమ్మ చెంచా ఇచ్చేది. చారు, గోంగూర, చేపల పులుసు, ఏది పెట్టినా తినేవాడు. మధ్యాహ్నాలు అమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఆయనతో బెంగాలీలో మాట్లాడేది. నదియా జిల్లాలో ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది తొమ్మిది చదువుతోంది. అమ్మ భాష విని ఆయన నవ్వేవాడు. నదియా మాట కాదు, అవతలి దేశపు పల్లెటూళ్ళ మాట మాట్లాడుతున్నావు, ఎవరు నేర్పారమ్మా అనేవాడట. అమ్మ కూడా నవ్వేది. గలగలమని, తల వెనక్కి వేసి నవ్వేది. మా అమ్మకి అలాంటి నవ్వుందని నేను లోపల గదిలో కూర్చుని తెలుసుకున్నాను.

వారం రోజులు ఆయన ఎదటికి వెళ్ళలేకపోయాను. ఎనిమిదో రోజున కాఫీ గ్లాసు పట్టుకెళ్ళి, కింద పెట్టి, నిలబడ్డాను. క్షమించమని తెలుగులోనే అడిగాను. మీరు అడిగింది నేను వినలేదు, నాకు తెలిసిందే విన్నాను అన్నాను. అమ్మ ఒక్కొక్క ముక్కా ఆయనకి చెప్పింది.

ఆయన వింటూ తల ఊపి, అమ్మకి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పమంటే మొదట చెప్పలేదు. తరవాత చెప్పింది.

వాళ్ళు రాజమండ్రి స్టేషన్లో దిగిన రోజున ఆటో అతను ఎదురొచ్చి, "రండి, రండి," అన్నాడట. ఊళ్ళోకి వస్తే మా నాన్న గుమ్మంలో చేతులు చాపి, "రండి బాబూ, రండి," అన్నాడట. హిందీలోనూ, వాళ్ళ ఊళ్ళలోనూ ఆ మాటకి సానిది అని అర్థం. అది తిట్టు. కొత్తగా వచ్చిన నలుగురైదుగురు మొహాలు చూసుకున్నారట. ఇంత నవ్వుమొహంతో ఇంత మాట ఎందుకంటున్నారని సుబల్‌ని అడిగారట. వాళ్ళు గౌరవంగా పిలుస్తున్నారురా, లోపలికి పదండి అని సుబల్ చెప్పాడట.

"అయితే మీకు కోపం రాలేదా?" అని నేను అడిగాను.

అమ్మ అడిగి చెప్పింది. "వచ్చిందంట. కానీ మీ నాన్న మొహం చూస్తే తిట్టేవాడిలా లేడంట. అందుకని అడిగేరంట."

ఆయన కట్టు లేని చేత్తో కాఫీ గ్లాసు అందుకుని తాగాడు. నా మొహం కూడా ఆయన చూసే ఉంటాడు ఆ రోజు గుమ్మంలో. నేను మాత్రం ఆయన నవ్వుని చూడకుండా మాటనే పట్టుకున్నాను. ఇది ఆయన అనలేదు. నేనే అనుకున్నాను. ఇంకా అనుకుంటూనే ఉంటాను.

రొకేయా అనే ఆవిణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ఇంకా అక్కడే ఉందో, ఇల్లు చేరిందో అమ్మకి కూడా తెలీదు. ఎడారిలో ఒక డాబా మీద తడిబట్టల మధ్య నిలబడి మా అమ్మకి మాటలు నేర్పింది. ఆ మాటలే మా వాకిట్లో ఒక మనిషిని కాపాడాయి. నాకు మా అమ్మని ఇచ్చాయి. గుడికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ పేరు కూడా తలుచుకుంటాను. నిమాయ్ పేరు కూడా.

శ్రావణంలో ఒకరోజు రాజోలు నించి వీసా ఏజెంటు ఫోను చేశాడు, టికెట్టు తియ్యమంటారా అని. అమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. నోటితో అడగడం నాకు అప్పటికి ఇంకా రాలేదు. అమ్మ, "ఇంక రానండి. ఆయ్, రాను. మా అమ్మాయి వద్దంటోందండి," అని పెట్టేసింది. నాన్న ఆ సాయంత్రం ఎప్పుడూ లేనిది కొత్తపేట నించి మల్లెపూలు తెచ్చి గుమ్మం పక్కన గూట్లో పెట్టాడు.

ఆగస్టు మూడో వారంలో జట్టుకి మా ఊళ్ళో పని అయిపోయింది. రావులపాలెం వెళ్ళి బస్సెక్కడానికి రెండు ఆటోలు మాట్లాడారు. అమ్మా, నేనూ కాలువ వంతెన దాకా వెళ్ళాం. నాగబాబు అన్నయ్య అప్పటికే అక్కడున్నాడు. చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు రెండు ఉన్నాయి. ఆసుపత్రికి నాలుగుసార్లు తీసుకెళ్ళాడు గానీ నిమాయ్‌తో ఒక్క మాటా మాట్లాడలేదు అప్పటిదాకా. రెండు రోజుల ముందు అమ్మ దగ్గరకి వచ్చి, తప్పయింది అని వాళ్ళ భాషలో ఎలా చెప్పాలి పిన్నీ అని అడిగాడు. అమ్మ నేర్పింది. ఆమార్ భుల్ హొయేఛే. రెండు రోజులూ బండి మీద వెళ్తూ కూడా వల్లించుకున్నాడట.

ఆటో ఎక్కబోతున్న నిమాయ్ ఎదట నిలబడి, పెట్టెలు చేతిలో పెట్టి, గొంతు సవరించుకుని, అందరూ వినేలా అన్నాడు.

"ఆమార్ బాల్ హొయేఛే."

పన్నెండుమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుబల్ కళ్ళు పెద్దవి చేసుకున్నాడు. వినిపించలేదేమోనని అన్నయ్య ఇంకోసారి, గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. అప్పుడు ఆటోలో వెనక కూర్చున్న ఒకతను ఫక్కుమన్నాడు. ఇంక అంతే. పన్నెండుమందీ వంతెన పిట్టగోడ పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడి, పొట్టలు పట్టుకుని నవ్వారు. నిమాయ్ నవ్వుతూనే ముందుకొచ్చి, కట్టున్న చెయ్యి పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో అన్నయ్యని దగ్గరకి లాక్కున్నాడు. అన్నయ్య ఆయన భుజం మీద తల ఆనించి ఏడిచేశాడు.

ఆటోలు మలుపు తిరిగాక అన్నయ్య మొహం తుడుచుకుని అడిగాడు. "సరిగ్గానే అన్నానా పిన్నీ?"

"చక్కగా అన్నావు బాబూ," అంది అమ్మ, మొహం కాలువ వైపు తిప్పుకుని.

అన్నయ్య బండెక్కి వెళ్ళిపోయాక, ఇంటికి నడిచొస్తుంటే ఏమన్నాడే అన్నయ్య, చెప్పవే అని దారి పొడుగునా వేధించాను. నా పెళ్ళయ్యాక చెబుతానంది. వదల్లేదు. చివరికి చెరుకురసం బండి దాటాక ఆగి, వెనకా ముందూ చూసి, చెవిలో చెప్పింది. భుల్ కాస్తా బాల్ అయ్యేసరికి, తప్పయిందనాల్సినవాడు తనకి నడుం కింద వెంట్రుకలు మొలిచాయని చెప్పాడు. గట్టు మీదే చతికిలబడ్డాను. అమ్మ నన్ను లేపుదామని చెయ్యి పట్టుకుని, లేపలేక, తనూ పక్కనే కూలబడింది. కళ్ళ నీళ్ళు కారేలా నవ్వుతున్నాం. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

పెద్దమ్మ గట్టు పక్కనున్న వాళ్ళింటి గుమ్మంలోకి వచ్చి, ఏమయిందర్రా, మాకూ చెప్పొచ్చు కదా అని కేకేసింది.

ఇద్దరిలో ఒక్కరం కూడా చెప్పలేకపోయాం.